మంద వెనక ఒక్కడే

తర్లుపాడు పక్క పల్లెల్లో ఎవరికైనా పంట కోసిన చేలో ఎరువు కోసం గొర్రెల మంద కట్టించుకోవాలనిపిస్తే ముందు చెంచయ్యనే అడిగేవారు. బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెల వెంటే నడిచిన మనిషి. ఆయన గొర్రె ఒకరి పంటలో మూతి పెట్టిందన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ సంగతి ఆయన కాస్త గొప్పగానే చెప్పుకునేవాడు లెండి.

ఆ గొప్పలో సగం కొడుకు అశోక్ కాళ్లది. తండ్రి మంద ముందు, కొడుకు వెనక. కరోనా టీకా రెండో సూది వేయించుకున్నాక ఓ పొద్దున వాడు రొమ్ము పట్టుకుని నొప్పన్నాడు. టీకా వేసిన గొర్రె నలతగా పడుకుంటే అదిలించి నడిపించడం చెంచయ్యకు అలవాటు. పడుకున్నది ఇక లేవదని ఆయన భయం. కొడుకునూ అట్లాగే అదిలించాడు.

"నాలుగడుగులేస్తే అదే సర్దుకుంటాదిలే, పా."

గుట్ట సగం ఎక్కేసరికి అశోక్ మొహం పాలిపోయి కూలబడ్డాడు.

మార్కాపురంలో పరీక్షలు చేసిన డాక్టరమ్మ గుండె కండరం వాచిందన్నారు. టీకా తర్వాత కుర్రాళ్లకు ఎక్కడో అరుదుగా ఇట్లా వస్తుందట. ఆస్పత్రిలో ఉంచుకుని, వాపు తగ్గే మాత్రలిచ్చి పంపారు.

"విశ్రాంతే అసలు మందు. బాగుందనిపించినా సరే, మళ్లీ పరీక్ష చేసి నేను చెప్పేదాకా పరుగు పనికిరాదు. గుండె లయ తప్పితే ప్రాణానికే ముప్పు."

గుట్ట ఎక్కించింది తనేనని చెంచయ్య చెప్పేశాడు. ఆమె మందుల చీటీ రాసి చేతికిచ్చారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

అప్పటి నుంచి ముందూ తనే, వెనకా తనే. సాయంత్రానికి మోకాళ్లు మాట వినడం మానేశాయి. కూలికి మనిషిని పెడదామంటే ఆ గొర్రెలు కొత్త గొంతుకు కదలవు. అన్నం తింటూ తింటూనే కునికేవాడు. ఈలోగా అశోక్‌కు నొప్పి పోయింది, ఒంట్లోకి హుషారు వచ్చింది, ఇంట్లో తోచక గట్టు మీద కూర్చుంటానని వచ్చేవాడు. చెంచయ్యకు ఆ హుషారే ఎక్కువ భయం. నొప్పి ఉన్నప్పుడు చెప్పినట్టు విన్నాడు, ఇప్పుడు వింటాడా?

ఓ మధ్యాహ్నం ఊరకుక్క బెదిరిస్తే సగం మంద విడిపోయి పక్కనున్న కాశమ్మ కంది చేలో పడింది. చెంచయ్యకు లేచే ఓపిక లేదు. అశోక్ లేచాడు.

"కూచోరా."

"చేను పోతాంది నాయనా! నాకేం కాదులే, ఒక్క పరుగు..."

చెంచయ్య వాడి మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. "పోనీ."

కాశమ్మ కర్ర తీసుకుని పరుగున వచ్చింది.

"ఏంది మామా ఇది? దుక్కలాంటి కొడుకును పక్కన కూచోబెట్టుకోని నా చేను మేపిస్తాండావా? నిన్ను నమ్మినందుకా?"

"తప్పయింది తల్లీ" అని చెంచయ్య తల వంచుకున్నాడు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టుకుంటూనే ఆమె ఒక్కో గొర్రెనూ చేలోంచి తోలుతోంది.

వేళ్ల కింద కొడుకు నాడి కొట్టుకుంటోంది. ఆఖరి గొర్రె బయటికి వచ్చేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.