పట్టు వీధిలో మగ్గం

మా ఇంటి మధ్య గదిలో మగ్గం గుంత ఉంది. మోకాళ్లు వంగక మా ఆయన అందులో కూర్చుని నేయడం మానేశాడు. గుంత పూడ్పించి అక్కడ మంచం వేసుకుందామని నేను అడుగుతూనే ఉన్నాను. చీకట్లో లేచి అందులో పడతానేమోనని నా భయం. ఆయన వినడు. ధర్మవరంలో నేతవాళ్ల ఇంట్లో గుంత లేకుంటే అదేం ఇల్లంటాడు.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా కూతురు ఈ తగువు వినలేక మమ్మల్ని కోజికోడ్ తీసుకుపోయింది. పడకలు, పొయ్యి, బాత్రూము అన్నీ లోపలే ఉండే కారవాన్ బండిని డ్రైవరుతో సహా అద్దెకు తీసుకుంది. పాత మసీదులు, పాత రేవు చూద్దామంది. వందల ఏళ్ల నాటి పట్టు వీధి కూడా ఉందని చెప్పగానే మా ఆయన లేచి కూర్చున్నాడు.

"ఆడ మగ్గాలెట్లుంటాయో చూడల్ల" అన్నాడు. తాను నేసిన జరీ అంచు ముక్క ఒకటి జేబులో పెట్టుకున్నాడు.

నేను యాభై దాటాక చదవడం నేర్చుకున్నదాన్ని. కర్ణాటకలో అక్షరాలు మనవాటిలాగే ఉంటే దారి పొడుగునా బోర్డులు కూడబలుక్కుంటూ పోయాను. ఘాటు దిగి కేరళలోకి వచ్చాక ఒక్క అక్షరమూ అందలేదు. వీధి మొదట్లో బండి ఆగితే కూతుర్నే అడిగాను.

"ఇదేనా పాపా?"

"ఇదేమ్మా. బోర్డు మీద ఉండాది."

ఆయన ముందు నడిచాడు. రెండు పక్కలా గోడౌన్లు, బస్తాలు దించుతున్న లారీలు, ఇనుప సామాన్ల కొట్లు. మా వీధిలో మనిషి కనబడక ముందే మగ్గం చప్పుడు వినబడుతుంది. ఇక్కడ హమాలీల కేకలే. సముద్రం కనబడేదాకా పోయి వెనక్కి తిరిగాడు.

"సందుల్లో ఉంటాయేమో" అన్నాడు.

మా డ్రైవరు హిందూపురం వాడు. కొంచెం మలయాళం వచ్చు. టీ కొట్టు ముసలాయన్ని అడిగితే ఆయన నవ్వాడు.

"ఈడ ఎప్పుడూ నేసింది లేదంటన్నా" అన్నాడు డ్రైవరు. "చైనావాళ్లు ఓడల్లో పట్టు తెచ్చి అమ్మినారంట. వాళ్లు పోయినారు, పేరుండిపోయింది."

మా ఆయన అంచు ముక్క తీసి ముసలాయనకిచ్చాడు. ముసలాయన వేళ్ల మధ్య రుద్ది చూసి ఏదో అన్నాడు.

"ఏ కంపెనీదని అడుగుతాండాడన్నా."

మా ఆయన ముక్క తీసుకుని బెంచీ మీద కూలబడ్డాడు. పట్టు పోయినా వీధి ఇంత మామూలుగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. లారీలు వస్తున్నాయి, జనం టీ తాగుతున్నారు. ఎవరికీ ఏ లోటూ లేదు.

బండెక్కి నీళ్లు తాగాక ఆయన కూతురితో, "మేస్త్రీకి ఫోన్ చెయ్ పాపా. మనం పోయేలోపల గుంత పూడ్చేయమను" అన్నాడు.

ఆమె నంబరు వెతుకుతోంది. ఆ గుంత పక్కనే కూర్చుని నేను ఇన్నేళ్లూ దారం కండెలు చుట్టాను. ఓనమాలు దిద్దిందీ అక్కడే. నా చెయ్యి నాకు తెలియకుండానే పోయి ఫోన్ మీద పడింది.

"వద్దులే."

"ఏమ్మా, దినామూ కొట్లాడేది నువ్వే గదా?"

"నేనే. మీద చెక్క పలకలు ఏపిద్దాం. పడకుంటే చాలు నాకు."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. అంచు ముక్క మళ్లీ జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

"పలకలు తీసేటట్లుండల్ల."