వెనక సీట్లో ఖాదర్ భాయ్

ఖాదర్ భాయ్‌ది గొప్ప దూరదృష్టి అని హామిల్టన్ తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చైనా కార్లు ఈ దేశాన్ని ఇంతగా కమ్ముకుంటాయని అందరికంటే ముందు ఆయనే పసిగట్టాడట. నిరుడు ఆయన సంస్మరణ సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని ఇదే మాట తిప్పి తిప్పి చెబుతుంటే, ముందు వరుసలో కూర్చుని పళ్ళు నూరుకున్నాను. ఆయనేమీ పసిగట్టలేదు. చైనా బండిని మా యార్డు గేటు దాటనివ్వనని భీష్మించుకున్న మనిషి ఆయన. రోజూ ఎదురుగా కూర్చుని పోట్లాడినదాన్ని, నాకు తెలియదా? సరే, ఊరుకుందామనుకున్నాను. ఈ ఉదయం సూపర్‌మార్కెట్ ముందు, వాన తుంపరలో, నా వెనక ఒక ఎలక్ట్రిక్ కారు రివర్సు తీసుకుంటూ సన్నగా మూలిగింది. ఆ చప్పుడు వినగానే, "ఏంది చెల్లె, బండికి జలుబు చేసిందా?" అన్న ఆయన గొంతు చెవిలో పలికింది. సంచులు పట్టుకుని అక్కడే నిలబడి నవ్వుకున్నాను. ఇక రాయకుండా ఉండలేకపోతున్నాను.

భాయ్‌ది వరంగల్. ఆక్లండ్‌లో చాలాకాలం టాక్సీ నడిపి, తర్వాత హామిల్టన్‌కు వచ్చి, జపాన్ నుంచి దిగే పాత కార్లు అమ్మే యార్డు పెట్టాడు. నాది గుంటూరు, చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఆయన ఆఫీసులో ఫోన్లు ఎత్తడం, రిజిస్ట్రేషన్ కాగితాలు సర్దడం నా పని. అద్దం అవతల బళ్ళ మధ్య నిలబడి అమ్మాలని నా కోరిక. అడిగిన ప్రతిసారీ ఆయనది ఒకటే జవాబు: "నువ్వు అమ్మవు చెల్లె, వాదిస్తవు. గిరాకీ బండి కోసం వస్తడు, కోర్టుకు కాదు." నేనూ ఊరుకునేదాన్ని కాదు. "జపాన్ వాళ్ళు వాడి వదిలేసిన బళ్ళు కదా భాయ్, వాటికి వాదించే ప్లీడరే కావాలి" అనేదాన్ని. ఆయన సాసర్లో చాయ్ పోసుకుని, వినపడనట్టు జుర్రుకునేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. యార్డుకు ఏ బండి వచ్చినా, దాని మీద ధర రాయకముందు ఆయన వెనక సీట్లో కూర్చునేవాడు. ఇంకెవరో నడపాలి. రాగ్లన్ వైపు కొండ మలుపులు ఎక్కి, సముద్రం దాకా వెళ్ళి తిరిగి రావాలి. అదేం పరీక్ష అని నేను మొదట్లో ఎగతాళి చేశాను. "ముందు కూసున్నోనికి బండి అబద్ధం చెప్తది" అన్నాడు. "స్టీరింగ్ చేతిల ఉంటే ప్రతి మొగోడూ మోసపోతడు. ఎనక కూసున్న తల్లికి, పెండ్లానికే నిజం తెలుస్తది. గని వాళ్ళను ఎవడడుగుతడు?" అప్పటినుంచి నడపడానికి నేనే ముందుకు వెళ్ళేదాన్ని. అయితే ఇంకొకరు నడిపితే ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. కిటికీ పైన ఉండే పిడిని పట్టుకుంటే యార్డుకు తిరిగి వచ్చాకే వదిలేవాడు. ఇంకొకరు నడిపే బండిలో ఆయన ఏనాడూ కునుకు తీయలేదని వాళ్ళావిడ రజియా వదిన చెప్పేది. నా డ్రైవింగ్ మీద ఆయన అభిప్రాయమేమిటో ఆ పిడినడిగితే చెబుతుంది.

ఇంతలో కాలం మారింది. ముందు ఆస్పత్రి కార్ పార్కులో ఒకటి, బడి గేటు దగ్గర ఒకటి, తర్వాత ఏ సందులో చూసినా ఏదో ఒక కొత్త చైనా పేరు. మా యార్డుకు వచ్చినవాళ్ళు మా బళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి, ఫోన్లో చైనా కారు బొమ్మ చూపించి, ఇలాంటిది లేదా అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆక్లండ్ నుంచి ఒక డిస్ట్రిబ్యూటరు ఫోన్ చేసి, ఎలక్ట్రిక్ బళ్ళు, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్లు మీ దగ్గర పెట్టుకుంటారా అన్నాడు. భాయ్ కుదరదన్నాడు.

"అది బండి కాదు చెల్లె. సెల్‌ఫోన్‌కు చక్రాలు పెట్టిండ్రు."

"మీ జపాన్ కార్లను కూడా ఒకప్పుడు ఇక్కడి ముసలి కివీలు బొమ్మ కార్లన్నారని మీరే చెప్పారు."

"జపానోళ్ళు వేరు."

"వేరేమీ కాదు భాయ్. ముందొచ్చారు, అంతే."

ఆయన చాయ్ చల్లారిపోయింది. సాసర్ పక్కకు నెట్టి, "గిట్లనే నడిస్తే చలికాలం దాటంగనే గేటుకు తాళం ఏస్త. నువ్వు వేరే కొలువు చూసుకో" అన్నాడు. అదీ పరిస్థితి. యార్డు పోతే ఆయనకు ఇంకేమీ లేదు. నాకు మాత్రం ఏముంది? "అయితే మీ పద్ధతిలోనే నడుద్దాం" అన్నాను. "ఒక్కసారి వెనక సీట్లో కూర్చోండి. బాగుంటే బళ్ళు తెప్పించాలి. అమ్మేది నేను."

"బాగ లేకుంటే?"

"ఇక మీ ముందు నోరెత్తను."

"అయితే బాగ లేకుండాలని దువా చేస్త" అన్నాడు.

డిస్ట్రిబ్యూటరు ఒక ఎలక్ట్రిక్ కారు పంపించాడు. భాయ్ లోపలికి తొంగిచూసి, "ముంగట టీవీ, ఎనక సోఫా. మంచమొక్కటి తక్కువైంది" అని గొణుక్కుంటూ ఎక్కి పిడి పట్టుకున్నాడు. వాన పడుతోంది. నేను స్టీరింగ్ పట్టుకుని బ్యాటరీ గురించి, మోటారు గురించి ఎమ్మెస్సీ తెలివంతా ఒలకబోస్తున్నాను. కొండ ఎక్కుతుండగా అనుమానం వచ్చింది. నేను ఇంతసేపు మాట్లాడితే ఆయన అడ్డుపడకపోవడం ఎన్నడూ లేదు. అద్దంలో చూశాను. పిడి పట్టుకున్న చెయ్యి జారి ఒడిలో ఉంది. తల కిటికీకి ఆనుకుని ఉంది. ఇంజను చప్పుడే లేని ఆ బండిలో ఆయన గురక ఒక్కటే వినిపిస్తోంది. సముద్రం ఒడ్డున ఆపి, నా జీవితంలో అరుదైన పని చేశాను: మాట్లాడకుండా కూర్చున్నాను.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఎందుకాపినవ్? బ్యాటరీ అయిపోయిందా?" ఆ గొంతులో ఎంత ఆశ ఉందో.

"లేదు భాయ్. రోడ్డు అయిపోయింది. మీరు నిద్రపోయారు."

"నిద్ర గాదు. కండ్లు మూసుకుని చూస్తున్న."

"గురక పెట్టి మరీ చూశారు."

తిరుగు దారి పట్టాం. ఊరు దగ్గరపడ్డాక, "ఆ ఆక్లండాయనకు ఫోన్ చెయ్యి. హైబ్రిడ్లు ఎక్కువ పంపుమను. ఈడి రైతులు పెట్రోలును ఒక్కసారే ఇడిసిపెట్టరు" అన్నాడు. ఇదొక్కటీ దూరదృష్టి అంటే ఒప్పుకుంటాను.

మాట ప్రకారం నన్ను అద్దం అవతలికి పంపాడు. మొదట వచ్చినవాడు పాడి రైతు, చైనా బండిని నమ్మనని మొహం మీదే చెప్పాడు. ముందు వెనక సీట్లో కూర్చోమన్నాను. "అక్కడ నా కుక్క కూర్చుంటుంది" అన్నాడు. అయితే దాన్నే పిలవమన్నాను. ఆ కుక్క ఎక్కి, నేను ఊరు చుట్టి వచ్చేలోగా తోక మీద తల పెట్టుకుని పడుకుంది. తర్వాత ఎంత పిలిచినా దిగలేదు. హైబ్రిడ్ అమ్ముడైపోయింది. ఆఫీసులోంచి భాయ్ సాసర్ పైకెత్తి నాకు సలాము చేశాడు.

ఇప్పుడు ఆ యార్డు చూసుకునేది నేనే. ఈనాటికీ మా దగ్గర మొదట అడిగేది వెనక కూర్చునేవాళ్ళనే. అత్తగారి మాట విన్నాకే అల్లుడికి తాళంచెవి ఇస్తాను. చైనాదా, జపాన్‌దా అని కొత్తగా చేరినవాళ్ళు వాదులాడుకుంటుంటే, వెనక కూర్చుని మాట్లాడండని పంపిస్తాను. భాయ్ ఉన్న రోజుల్లో ఆయన్ని ఒకసారి నిలదీశాను: ఆ రోజు బండి బాగుందని నిద్రపోయారా, నేను బాగా నడిపానని నిద్రపోయారా? "నీ లెక్చర్‌కు నిద్రొచ్చింది చెల్లె" అని చాయ్ జుర్రాడు. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. ఏ బండిలోనూ, ఎవరు నడిపినా కునుకు తీయని మనిషి కదా. అంత వానలో, అన్ని మలుపుల మధ్య, ఖాదర్ భాయ్ ఆ పిడి వదిలింది ఎవరిని నమ్మి?