ట్రైక్‌కు కవరు కోసం తార్నాక నుంచి లాలాగూడ దాకా

నా బండికి ఒక కవరు కావాలి అనగానే "ఆన్‌లైన్లో దొరుకుతుంది కదా" అంటారు అందరూ. బైకుకైతే దొరుకుతుంది, కారుకైనా దొరుకుతుంది. నాది రెండూ కాదు. మామూలు బైకుకు వెనక చక్రం తీసేసి, ఇరుసు వేసి రెండు చక్రాలు బిగించిన ట్రైక్. గేరు, బ్రేకు అన్నీ చేతితోనే. చిన్నప్పటి పోలియో వల్ల నా రెండు కాళ్లలోనూ బలం లేదు, చంకకర్రలతో నడుస్తాను. తార్నాకలో నేను అద్దెకుంటున్న గది గేటు మూడడుగులు, బండి వెనకభాగం నాలుగడుగులు. అందుకని ఏడాది పొడవునా అది గల్లీలోనే, ఎండకు ఎండుతూ వానకు నానుతూ ఉంటుంది. పోయిన వానాకాలం వైర్లలోకి నీళ్లు దిగి సెల్ఫ్ పనిచేయడం మానేసింది. కిక్ కొట్టడం నావల్ల కాదు. అప్పట్లో అంబర్‌పేట్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పేదాన్ని. ఒకే నెలలో మూడుసార్లు బండి మొరాయించింది. బస్సు మెట్టు నాకు అందదు, వానలో నన్నూ కర్రల్నీ చూసి ఆటోలు ఆగవు. మూడోసారి తర్వాత ప్రిన్సిపాల్ గారు నా క్లాసులు వేరేవాళ్లకు ఇచ్చామని చాలా మర్యాదగా చెప్పారు. కోప్పడి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

ఈ జూన్‌లో ఇంకో కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. శనివారం పొద్దున పదింటికి పీహెచ్‌డీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకుని రమ్మన్నారు. ఆ కాగితం నేను చదివిన యూనివర్సిటీ క్యాంపస్ ఆఫీసులో శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఇస్తామన్నారు. అందుకే శుక్రవారం పగలంతా కవరుకు, సాయంత్రం సర్టిఫికెట్‌కు అని పెట్టుకున్నాను. నాలాంటి బండి ఉండి, ఇదే పని మీద బయల్దేరేవాళ్ల కోసం ఆ రోజంతా ఇక్కడ రాస్తున్నాను.

తొమ్మిదిన్నరకు తార్నాక చౌరస్తా దగ్గర బైకు సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాను. మెట్లు ఉన్న దుకాణాల్లోకి నేను వెళ్లను, బయటే ఆగి హారన్ కొడతాను. యజమాని బయటికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "దీనికి రెడీమేడ్ రాదు మేడం. వందల ఒకరు అడుగుతరు, ఎవడు తయారు చేస్తడు?" అన్నాడు. అయినా మంచివాడు, తన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద బైకు కవరు, నాలుగు వందల యాభైది, తెచ్చి కప్పి చూశాడు. ముందు భాగం బాగానే ఎక్కింది గానీ వెనక చక్రాల మీదికి రాకుండా ఆగిపోయింది. పన్నెండు వందల కారు కవరు వేస్తే రెండు పక్కలా గజం చొప్పున నేలమీద పరుచుకుంది. గాలికి లేస్తుందని అతనే దాన్ని మడిచేశాడు. "వెండిరంగు ప్లాస్టిక్‌ది మాత్రం కొనకుండ్రి. లోపల చెమ్మ పట్టి ఉన్న వైరింగ్ కూడ ఖరాబైతది. లాలాగూడకు పోండ్రి, గాడ ఆటో టాప్‌లు కుట్టేటోళ్లు ఉంటరు" అని దారి చెప్పాడు.

మెట్టుగూడ మీదుగా లాలాగూడకు పదిహేను నిమిషాలు పట్టింది. రైల్వే క్వార్టర్స్ దగ్గర రోడ్డుపక్కన రేకుల కింద మిషన్ పెట్టుకుని, మెడలో టేపు వేసుకున్న ఒక పెద్దాయన ఆటో టాప్ కుడుతున్నాడు. పేరు యాదగిరి. ముప్ఫై ఏళ్లుగా అదే చోట, అదే పనట. నన్ను దిగనివ్వకుండానే కొలతలు మొదలుపెట్టాడు. బండిని అద్దాలతో సహా కొలవాలని, లేకపోతే కవరు అక్కడే చిరుగుతుందని చెప్పాడు. సైలెన్సర్ పక్కన లోపలివైపు మందపు కాన్వాస్ వేయాలన్నాడు, వేడికి రెగ్జిన్ అంటుకుపోకుండా. గాలి ఆడటానికి పైన రెండు రంధ్రాలు, వాటిమీద చిన్న రెక్కలు. నా కర్రలు పెట్టుకునే గొట్టాన్ని కూడా కొలవకుండా వదల్లేదు. నా బండిని అంత శ్రద్ధగా పట్టించుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

టేపు చుడుతూ ఆయన ఇంకో మాట అన్నాడు. "పైపులు పెట్టి ఆటో లెక్క టాప్ కట్టిద్దామా బిడ్డా? వారం పడతది. ఇగ రోజూ తీసుడు, కప్పుడు ఉండదు."

"వద్దు కాకా. రేపే కావాలె నాకు. ఇంకోటి, ఇది బైకు. ఆటో లెక్క కనబడొద్దు" అన్నాను. నాకు ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెడితేనే ఎక్కడికైనా వెళ్లాను. ఈ బండి మీద నేను బైకు నడిపే మనిషిలా కనిపిస్తాను. ఆయనకు అదంతా చెప్పలేదు.

"అయితే కవరే కుడత. మంచిగ ఉంటది గానీ బరువైతది. కప్పనీకి ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నరు" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మా గదిలో నేనొక్కదాన్నే ఉంటాను.

పందొమ్మిది వందలకు ఒప్పుకున్నాడు. చేతిలో ఉన్న ఆటో టాప్ ముగించాక నాలుగు గంటల పని అన్నాడు. పక్క హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించుకుని ఆయన ఇచ్చిన స్టూలు మీద కూర్చున్నాను. మూడున్నరకు కుట్టడం అయిపోయింది. ముదురు నీలం రెగ్జిన్, కింద చుట్టూ ఎలాస్టిక్, రెండు బెల్టులు. ఆయన ఒక అంచు పట్టుకుని విసిరి, బండి చుట్టూ తిరిగి, రెండు నిమిషాల్లో కప్పేశాడు. అచ్చు పోసినట్టు సరిపోయింది. నేను స్టూలు మీద నుంచే చూసి మురిసిపోయాను. కవరు మడిచి వెనక కట్టించుకుని బయల్దేరాను.

నాలుగుంబావుకు క్యాంపస్‌లోకి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. ఆఫీసు భవనానికి ర్యాంపు ఉంది, కానీ పొడుగు. నేను పైకి ఎక్కి సెక్షన్ దాకా వెళ్లి రావడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో వాన పడితే బండి మళ్లీ ఆగిపోతుంది, పొద్దున కాలేజీకి వెళ్లలేను. ముందు కవరు కప్పాలనుకున్నాను. ఒక కర్ర చంకలో పెట్టుకుని, నడుము బండికి ఆనించి, ఒంటిచేత్తో కవరు విప్పి విసిరాను. అది సీటు దాకా కూడా వెళ్లలేదు. అంచు పట్టుకుని బండికి అటువైపు నడవాలంటే రెండు చేతులూ కర్రలకే కావాలి. అంచును పళ్లతో పట్టుకుని నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో గాలి దాన్ని లాగేసింది. నాలుగు కిలోల బట్ట, దాంతోపాటు నేనూ కింద పడ్డాం. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

చక్రం పట్టుకుని లేచాను. మూడుసార్లు ప్రయత్నించాను. చివరికి బండెక్కి కూర్చున్నాను. అక్కణ్ణుంచైతే ముందుకు హ్యాండిల్ మీదుగా లాగగలను, వెనక్కి నా తలమీదుగా విసరగలను. అలా లాగితే బండి మొత్తం కప్పుకుంది, లోపల నాతో సహా. దిగాలంటే కవరు తీయాలి. తీస్తే బండి తడుస్తుంది.

వాన గట్టిగా పట్టుకుంది. లోపల చీకటి, కొత్త రెగ్జిన్ వాసన, ఉక్క. భవనం వరండాలోంచి ఎవరో అమ్మాయి అరిచింది. "మేడం, తడుస్తరు, లోపలికి రాండ్రి!" రాలేనని అరిచాను. వినబడినట్టు లేదు. ఫోన్ తీసి సెక్షన్ క్లర్కు గారికి చేశాను. నాలుగూ యాభై రెండు అయింది.

"మేడం, ఏడ ఉన్నరు? మీ సర్టిఫికెట్ టేబుల్ మీదనే ఉన్నది."

"కిందనే ఉన్న సార్, మీ బిల్డింగ్ ముందట."

"అయితే పైకి రాండ్రి మరి, రెండు నిమిషాలే గదా."

రెండు నిమిషాలు కాదని, బండి వదిలి రాలేనని ఎలా చెప్పాలో తెలియలేదు. కవరు కింద కూర్చున్నానని చెప్పడానికి సిగ్గేసింది. "వాన తగ్గినంక వస్త సార్" అన్నాను. ఆయన నాకోసం ఐదూ పదిహేను దాకా ఆగాడు. ఆ మాట కూడా ఆయనే ఫోన్ చేసి చెప్పాడు, ఇక తాళం వేస్తున్నానని, సోమవారం రమ్మని. ఐదూ నలభైకి వాన ఆగింది. కవరు తీసి బటన్ నొక్కాను. బండి ఒక్క దెబ్బకు స్టార్టయింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో మాత్రం కాదు.

శనివారం ఖాళీ చేతులతో కాలేజీకి వెళ్లాను. సోమవారం తెస్తానంటే "చూద్దాం మేడం" అన్నారు. సోమవారం కాగితంతో వెళ్లేసరికి ఆ క్లాసుల్లో ఇంకొకరు ఉన్నారు. ఎవరినీ తప్పు పట్టలేను, అదే కష్టంగా ఉంది. ఇప్పుడు సాయంత్రాలు పక్కింటి సుజాతక్క కవరు కప్పుతుంది, పొద్దున డ్యూటీకి పోతూ తీస్తుంది. ఆమె ఊరికెళ్లిన రోజు నేను తలుపు దగ్గర కూర్చుని మబ్బు వంక చూస్తాను. కవరు మాత్రం చాలా మంచిది. ఇన్ని వానలు పడ్డా బండి లోపల ఒక్క చుక్క లేదు. అది గల్లీలో పొడిగా, సిద్ధంగా ఉంది. దానిమీద ఎక్కి నేను చేరుకోవాల్సిన చోటు మాత్రం ఇప్పుడు ఒక్కటీ లేదు.

మీరు కుట్టించుకుంటే ఒక్కటి చేయండి. కుట్టేవాళ్లు కప్పి చూపిస్తే చూసి ఒప్పుకోకండి. డబ్బులిచ్చే ముందు మీరే, ఒక్కరే, ఎవరి చేయీ పడకుండా కవరు వేసి, తీసి చూడండి. మీవల్ల కాకపోతే ముందు సగం, వెనక సగం విడివిడిగా, తేలిక బట్టతో కుట్టమనండి. ఈ పరీక్ష మాత్రం ఎండ కాస్తున్న రోజునే పెట్టుకోండి.