అతుకు కనిపించాలి

యూనివర్సిటీలో మొదటి సంవత్సరమంతా నేను మంచుకొండలే గీశాను. మంచుకొండలు, వాటి మీద కోటలు. నేను మంచు చూసింది ఫ్రిజ్‌లో మాత్రమే. అయినా కంప్యూటర్ ఆటలకి బొమ్మలు గీసే మా గేమ్ ఆర్ట్ అంటే అదేనని క్లాసులో అందరూ నమ్మారు కాబట్టి నేనూ నమ్మాను. ఏ ఊరని అడిగితే విజయవాడ దగ్గర అనేదాన్ని. పెడన అని చెప్పడానికి ఎందుకో నామోషీ. ఎందుకో ఏమిటి, తెలుసు. పెడన అంటే కలంకారీ అంటారు, మీ ఇంట్లో ఎవరు చేస్తారని అడుగుతారు, మా అమ్మ షెడ్డులో కూలికి అచ్చులు వేస్తుందని చెప్పాల్సి వస్తుంది. అలా దాచినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకి మాత్రం ఆ షెడ్డునే ఆటలో కట్టాను. ధైర్యం వచ్చి కాదు. అన్నాళ్లూ గీసిన కోటల్లో ఒక్క తలుపైనా ఎటు తెరుచుకుంటుందో నాకు తెలియదని ఒకరోజు అర్థమైంది, అంతే. షెడ్డులో అయితే కళ్లు మూసుకుని నడవగలను. గోనెపట్టాలు పరిచిన పొడవాటి బల్లలు, రంగు తొట్లు, చెక్క అచ్చులు, తాళ్ల మీద ఆరే గుడ్డలు. ఆట ఆడేవాళ్లు వాటి మధ్య తిరగాలి.

మా సార్‌కి షెడ్డు నచ్చింది, గుడ్డ నచ్చలేదు. ఆటలో గుడ్డ మీదైనా గోడ మీదైనా తొడిగేది ఒక చిన్న చదరపు బొమ్మే. అదే ముక్క పక్కపక్కన పరుచుకుంటూ పోతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు కనిపించకూడదన్నది మాకు మొదట్లోనే నేర్పిన పాఠం. షెడ్డులో చూసినట్టే గీసిన నా గుడ్డ మీద అతుకులు కనిపిస్తున్నాయి.

“ఫైనల్ ఇయర్‌లో కూడా ఇదేంటమ్మా? ఆ అతుకులు తీసెయ్, ‘ఎ’ గ్రేడు ఇస్తాను” అన్నారు.

‘ఎ’ గ్రేడు వస్తేనే కంపెనీల ఇంటర్వ్యూలకి పేరు పంపుతారు. నోరు మూసుకుని తీసేశాను. రెండు రోజుల్లో గుడ్డ నున్నగా, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియకుండా తయారైంది. నాకే ముచ్చటేసింది.

సెలవులకి గుడివాడలో రైలు మారి ఇంటికి వెళ్లాను. ల్యాప్‌టాప్ తెరిచి అమ్మకి చూపించాను. బల్లలు గుర్తుపట్టింది, తొట్లు గుర్తుపట్టింది, “మా మేస్త్రి స్టూలు కూడా పెట్టావే” అని నవ్వింది. తర్వాత గుడ్డ దగ్గర ఆగిపోయింది.

“ఇది స్క్రీన్ గుడ్డ కదే” అంది.

“కాదమ్మా, నువ్వేసేదే.”

“నేనేసేది ఇట్టా ఎందుకుంటది? అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకేదీ? ఇందులో ఎవరి చెయ్యీ లేదు.”

స్క్రీన్ ప్రింటింగు గుడ్డ అంటే మా ఇంట్లో తిట్టు. జాలీ ఫ్రేము పెట్టి రంగు లాగేస్తే అమ్మ రోజంతా చేసే పని గంటలో అయిపోతుంది. బజార్లో దాన్నీ కలంకారీ అనే అమ్ముతారు. అది వచ్చాక అమ్మకి వారంలో మూడు రోజులే పని. అసలు గుడ్డని కనిపెట్టడానికి మావాళ్లు చూసేది అతుకునే. ఒక అచ్చు పక్కన ఇంకొకటి కంటి అంచనాతో పెట్టి పిడికిలితో గుద్దుతారు, వెంట్రుకవాసి అటో ఇటో అవుతుంది. సాయంత్రానికి చెయ్యి అలిసి ఆ తేడా ఇంకాస్త పెరుగుతుంది. నేను ఆ చేతినే తుడిచేశాను. సార్ మీద కాదు, నా మీద నాకే ఒళ్లు మండింది.

మర్నాడు షెడ్డుకి వెళ్లి, అమ్మ వేసిన గుడ్డని బల్ల పొడవునా ఫోటోలు తీసుకున్నాను. ఈసారి ఒకే ముక్కని మళ్లీ మళ్లీ పరచలేదు. ప్రతి అతుకునూ అమ్మ చేతికి ఎక్కడ వచ్చిందో అక్కడే పెట్టాను.

ఫైనల్ రివ్యూలో సార్ స్క్రీన్ మీదికి వంగి చూశారు. “తీసెయ్యమంటే ఇంకా పెంచావా?”

“అవి తప్పులు కావండీ. అది మా అమ్మ వేసిన గుడ్డ. చేత్తో వేస్తే అలాగే ఉంటుంది.”

“ఆడేవాళ్లకి అదంతా ఏం తెలుస్తుంది? నీకు పని రాదనుకుంటారు.”

“అనుకోనివ్వండి సార్.”

క్లాసు క్లాసంతా నా వైపే చూసింది. ఏ మాటకామాట చెప్పాలి, ఆయన చెడ్డమనిషి కాదు. రివ్యూ అయ్యాక విడిగా పిలిచి, ఇప్పటికి ‘బి’ వేశాను, శుక్రవారం దాకా టైమిస్తాను, సరిచేసి పట్రా, గ్రేడు మారుస్తాను అన్నారు.

శుక్రవారం పొద్దున ఫైలు తెరిచాను కూడా. పాత నున్నటి గుడ్డ పక్కనే ఉంది, మార్చడానికి రెండు నిమిషాలు చాలు. ఆ ఉద్యోగాలు నాకు అక్కర్లేదని అబద్ధమాడను, చచ్చేంత కావాలి. కాసేపు చూసి ఫైలు మూసేశాను.

ఇంటర్వ్యూల లిస్టులో నా పేరు రాలేదు. హాస్టల్ బాత్రూములో కుళాయి తిప్పుకుని బాగా ఏడ్చాను. మొహం కడుక్కుని బయటికొచ్చాక కూడా మార్చాలనిపించలేదు. మా అమ్మ పనిని స్క్రీన్ గుడ్డ ఎలాగూ తినేస్తోంది. దానికి నా చేత్తో నేను వడ్డించను.