తాగేకి నీళ్ళు

పెళ్ళయి కాపురానికి వచ్చిన మొదటి సాయంత్రమే, ఇంట్లో ఖాళీగా కనిపించిన ప్రతి గిన్నెలోనూ నీళ్ళు పట్టిపెట్టాను. ఇత్తడి బిందెలు, బకెట్లు, పెళ్ళికి ఎవరో ఇచ్చిన ప్రెషర్ కుక్కరు, ఏదీ వదల్లేదు. మాది అనంతపురం జిల్లాలో ఓ పల్లె. కుళాయి నాలుగు రోజులకోసారి వచ్చేది, అదీ గంటసేపు. నీళ్ళ చప్పుడు వినిపిస్తే నా చెయ్యి దానంతటదే బిందె కోసం వెతుక్కుంటుంది. అలాంటిదాన్ని తీసుకొచ్చి రాజోలు దగ్గర ఓ లంకలో, చుట్టూ గోదావరి ఉన్న ఊళ్ళో పెట్టారు.

అత్తగారు వంటింట్లోకి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

“ఏంటమ్మా ఇదంతా? ఎవరైనా వస్తున్నారా?”

“లేదత్తా. బోకులన్నీ నింపిపెట్టినాను. పొద్దున్నేకి ఉంటాయి కదా.”

“ఏవి నింపేవూ?”

“బోకులు.”

ఆవిడ మా ఆయన వైపు చూశారు. మా ఆయన మొదటి ఉద్యోగం అనంతపురంలోనే చేశారు, మా అన్నకు స్నేహితుడయ్యి, మా ఇంట్లో సంగటి తిని, ఆ పైన నన్ను చేసుకున్నారు. కాబట్టి రెండు భాషలూ వచ్చు. “బోకులంటే గిన్నెలమ్మా” అన్నారు. అత్తగారు నవ్వాపుకుంటూ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. కొబ్బరిచెట్ల సందుల్లోంచి గోదావరి పాయ కనిపిస్తోంది.

“అదిగోనమ్మా, అక్కడున్నాయి నీళ్ళు. ఎక్కడికీ పోవు. నువ్వు పడుకో.”

బుద్ధిగా తలూపాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ అన్నీ నింపాను.

కొన్నాళ్ళకు ఆవిడ అలవాటు పడ్డారు గానీ వీధి అలవాటు పడలేదు. మా పక్కింట్లో రిటైరైన టీచరుగారు ఒకావిడ ఉంటారు. ఆదివారం చర్చికి వెళ్తూ మా గేటు ముందు ఆగి, “ఏవమ్మా, ఇవాళ ఎన్ని బిందెలు?” అని అడగనిదే కదిలేవారు కాదు. అడగడంలో ఎగతాళి ఉండేది కాదు, ముచ్చటే. అయినా నాకు కొంచెం గుచ్చుకునేది. వీధిలో నా పేరు ఎవరూ పలకలేదు. సీమ అమ్మాయి, అంతే. సీమ అమ్మాయి పచ్చడిలో కారం ఎక్కువేసింది, సీమ అమ్మాయికి చేప ముల్లు తియ్యడం రాదు. మాట్లాడితే నవ్వుతారని మాట తగ్గించుకున్నాను. ఆరేళ్ళు గడిచాయి. పులస పులుసు వండడం వచ్చింది, నీలం రంగు డ్రమ్ములు రెండు కొనిపించుకున్నాను, నా పేరు మాత్రం మారలేదు.

తర్వాత ఆ వరద వచ్చింది.

లంకవాళ్ళకు వరద కొత్త కాదు. ధవళేశ్వరంలో హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెప్పినా మా వీధిలో ఎవరూ కంగారు పడలేదు. ఆ రోజు మా ఆయన అమలాపురంలో ఆఫీసుకు వెళ్ళారు. సాయంత్రానికి కాజ్‌వే మునిగిపోయి అటే ఉండిపోయారు. ఫోన్‌లో, “భయపడకు, మన డాబా దాకా రాదు” అన్నారు. నేను భయపడలేదు. ఎప్పట్లాగే బిందెలు నింపడం మొదలుపెట్టాను. ఈసారి మాత్రం అత్తగారు తనంతట తనే వచ్చి డ్రమ్ముకు అటుపక్క చెయ్యి వేశారు. ఇద్దరం కలిసి ఖాళీ డ్రమ్ములు డాబా మీదకు చేర్చి, బిందె బిందె మోసి నింపాం.

“ఎందుకైనా మంచిదిలే” అన్నారావిడ, నా వైపు చూడకుండా.

తెల్లారేసరికి వీధి లేదు. ఎర్రటి నీళ్ళు మా మెట్ల మీద మూడోదాన్ని నాకుతున్నాయి. కరెంటు పోయింది, కుళాయి ఆగిపోయింది, చేతిపంపులు మునిగిపోయాయి. మా వీధిలో డాబా ఇల్లు మాదొక్కటే. టీచరుగారితో కలిపి ఏడు కుటుంబాలు గొడుగులతో, గ్యాస్ స్టవ్‌లతో, ఓ కుట్టుమిషనుతో మా మేడ మీదకు చేరాయి. మధ్యాహ్నానికి అందరి సీసాలూ ఖాళీ. కంటికి ఆనినంత మేర నీళ్ళే, నోట్లో పోసుకోవడానికి గుక్కెడు లేవు. అత్తగారు డ్రమ్ముల మీద పరదా తీశారు.

అందరూ ఒక్కసారిగా చెంబులు తీసుకుని లేచారు. టీచరుగారు ఓ చెంబు ముంచి, బురద పాదాల మీద పోసుకోవడానికి వంగారు. ఆరేళ్ళ నుంచి అణిచిపెట్టుకున్న గొంతు నాకే తెలియకుండా బయటికొచ్చింది.

“ఆ నీళ్ళు ముట్టద్దండి! తాగేకి పెట్టినాను అవి. కాళ్ళకు వరద నీళ్ళు ల్యాకనా?”

అరవై దాటిన పెద్దావిడని, ఊళ్ళో సగంమందికి ఓనమాలు దిద్దించినావిడని, కసిరేశాను. టీచరుగారు చెంబు మెల్లగా డ్రమ్ములో ఒంపేసి నా వైపు తిరిగారు.

“తప్పేనమ్మా. మాకు తెలీదు మరి, నీళ్ళు లేకుండా ఎలా ఉండాలో. నువ్వు చెప్పు, మేం వింటాం.”

“ఆయ్, చెప్పమ్మా” అన్నారు వెనక నుంచి ఇంకెవరో.

చెప్పాను. ఆ మూడు రోజులూ డ్రమ్ముల పక్క స్టూలు వేసుకుని కూర్చుని మా అమ్మ నేర్పినవన్నీ చెప్పాను. తాగడానికి మనిషికి ఎన్ని గ్లాసులో, బియ్యం కడిగిన నీళ్ళు పప్పులోకి ఎలా వాడాలో, వరద నీళ్ళలో పటిక తిప్పి తేరాక గిన్నెలు ఎలా తోముకోవాలో. బాలింత ఒకామె ఉంటే ఆమెకు లెక్క లేదని ముందే చెప్పేశాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. రెండో రోజుకల్లా అందరికీ నా మాట పట్టుబడింది. “తాగేకి ఇస్తావా అమ్మాయ్?” అని చెంబు చాపేవారు. ఆ మాటకు వాళ్ళే నవ్వుకునేవారు, నేనూ నవ్వేదాన్ని. అంత నీళ్ళ మధ్య, అంత ఇరుకులో, నాకు ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉండింది. చిన్నప్పుడు విసుగ్గా చేసిన చాకిరీ అంతా ఓ చదువేనని అక్కడే తెలిసింది.

మూడో రోజు పడవ మీద వాటర్ ప్యాకెట్లు వచ్చాయి. పడవలోని ఉద్యోగి కింది నుంచి, “ఇక్కడ ఎంతమంది ఉన్నారండీ? ఎవరికి అప్పజెప్పమంటారు?” అని కేకేశాడు. టీచరుగారు పిట్టగోడ మీద నుంచి వంగి, “మా సీమమ్మాయికి ఇవ్వండి, ఆవిడే చూసుకుంటుంది” అన్నారు. పేరు అదే. ముందు ‘మా’ చేరింది.

ఆ తర్వాతి వేసవిలో మా ఊళ్ళో మా చిన్నాన్న కూతురి పెళ్ళి. అత్తగారు రావులపాలెం దాటి ఎప్పుడూ పెద్దగా వెళ్ళలేదు. “నేనూ వస్తానే” అంటే ఆశ్చర్యపోయాను. బస్సు దిగగానే అన్న ఎదురొచ్చాడు. “బాగున్నారా అన్నయ్యా, అందరూ వచ్చేరా?” అన్నాను. అన్న బ్యాగు కింద పెట్టి మరీ నవ్వాడు.

“చూడండత్తా, మా పిల్ల గోదారి దొరసానైపోయినాది.”

నాకు కోపం రాలేదు. అక్కడ నవ్వినా ఇక్కడ నవ్వినా మనవాళ్ళే నవ్వుతున్నారని అప్పటికి కాస్త ధైర్యం వచ్చింది. నా బెంగంతా అత్తగారి గురించే. బోడి గుట్టలు, ఎర్ర మట్టి, ఎండిన వంక. ఇదేనా మీ ఊరు అని మనసులో అనుకుంటారేమోనని.

సాయంత్రం ఆవిడ కనిపించకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. ఊరి చివర బండరాయి మీద ఒక్కరే కూర్చుని తలెత్తి చూస్తున్నారు.

“ఎంత ఆకాశమే మీకు. మన దగ్గర కొబ్బరాకుల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

నిజమే, నాకెప్పుడూ తోచలేదు. నేనూ పక్కన కూర్చున్నాను. గొర్రెలు తోలుకుపోతున్న ఓ ముసలాయన మమ్మల్ని చూసి ఆగాడు. “యా ఊరమ్మా మీది?” అని అత్తగార్ని అడిగాడు.

ఆవిడ చీర కొంగు సర్దుకుని, చాలా మర్యాదగా చెప్పారు.

“ఈ ఊరేనండీ. మా కోడలిది ఇక్కడేనండి.”