దెబోరా గారి విమానాశ్రయంలో భోజనవేళ

దెబోరా గారి దగ్గర్నుంచి ఎవరు బయల్దేరినా, "చేరగానే ఫోన్ చెయ్యి" అనిపించుకోకుండా కదల్లేరు. ఆ ఫోన్ వచ్చేదాకా ఆవిడ ముద్ద ముట్టరు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఆవిడ ఒక విమానాశ్రయానికి మేనేజరు కావడం, ఆవిడ తినందే భర్త ఆమోసు గారు తినకపోవడం. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడకంటే ముందు తినే ధైర్యం ఆయన ఒక్కసారే చేశారు. ఆ సంగతి ఇప్పటికీ తలుచుకోరు.

విమానాశ్రయమంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, అందులో ఒక రేడియో, ఒక పొయ్యి. రన్‌వే మొదలు అమెరికాలో, చివర కెనడాలో. రోజుకు రెండు మూడు చిన్న విమానాలు వచ్చిపోతుంటాయి. సరిగ్గా పన్నెండుకు ఎవరైనా ఎగిరారంటే, రిటైరైన డాక్టరు ఆమోసు గారి గుండె జారిపోయేది.

కెనడా రైతు రాండీ యాభై ఏళ్ళుగా విమానం నడుపుతున్నాడు. అతని పొలం అక్కడికి నాలుగు మైళ్ళు. అయినా ఫోన్ చేయాల్సిందే. మర్చిపోతే ఆవిడే చేసి, "ఇక్కడ మా ఆయన పస్తున్నాడు" అని దులిపేసేవారు.

పోయిన అక్టోబరులో స్టేట్ ఆఫీసు నుంచి హర్షవర్ధన్ అనే కుర్రాఫీసరు తనే విమానం నడుపుకుంటూ వచ్చి దిగాడు. పైలట్లు కంప్లయింట్ చేశారట. ఇకపై ఎవరినీ ఫోన్ చేయమని అడగనని అతను తెచ్చిన పేపర్ మీద సంతకం పెట్టాలి, లేదా షెడ్డు తాళాలు ఇచ్చేయాలి.

"పెట్టను" అన్నారు దెబోరా గారు.

"ఆంటీ, ఇది ప్రైవసీ ఇష్యూ. ఫోన్ చేయాలని రూల్స్‌లో ఎక్కడా లేదు."

"అన్నం తినాలని కూడా లేదు. నువ్వు తినడం మానేశావా?"

"మండే దాకా టైమిస్తాను. తర్వాత వేరే ఎవరినైనా అపాయింట్ చేస్తాం."

"చేసుకో. వాళ్ళకీ ఇదే నేర్పి పోతాను. ఇప్పుడెటు వెళ్తున్నావు?"

"వెస్ట్‌కి. గంటలో ఇంకో ఎయిర్‌పోర్ట్ ఇన్‌స్పెక్ట్ చేయాలి."

"చేరగానే ఫోన్ చెయ్యి."

"చేయను ఆంటీ. అది ప్రిన్సిపుల్."

"చేస్తే నీ సొమ్మేం పోయింది బాబూ, నేను భోంచెయ్యాలి" అన్నారు ఆమోసు గారు దీనంగా. అప్పుడు టైము పన్నెండు.

గంటయింది. రెండు గంటలయింది. చేపల పులుసు రెండుసార్లు వేడెక్కి చల్లారింది.

"చేయనని చెప్పాడుగా, తినేద్దామా?" అన్నారాయన.

"ప్రిన్సిపుల్ ఉన్నవాడైనా కిందికి దిగాలి కదండీ."

అతను దిగాల్సిన ఎయిర్‌పోర్ట్‌కి ఫోన్ చేస్తే రాలేదన్నారు. ఆవిడ జిల్లా పోలీసు అధికారి అయిన షెరీఫ్‌కి చేశారు.

"అతను ఫ్లైట్ ప్లాన్ ఇవ్వలేదు, మేడమ్. ఎప్పుడొస్తాడో చెప్పనివాణ్ణి లేటయ్యాడని ఎలా అంటాం?" అన్నాడాయన.

"నేనంటున్నాను. రాసుకోండి."

ఆ గొంతు విని ఆమోసు గారు గిన్నె మీద మూత పెట్టేశారు. బయట మంచు మొదలైంది. ఆయనకూ ఆకలి చచ్చిపోయింది.

ఆవిడ తర్వాతి ఫోన్ రాండీకి. అయిదు నిమిషాల్లో అతను గాల్లో ఉన్నాడు. అనుమతి లేకుండా సరిహద్దు దాటకూడదన్న రూలు తప్పకుండా కెనడా మీదే ఎగురుతూ అమెరికా వైపు పొలాలన్నీ గాలించాడు. అరగంటకు షెడ్డులోని రేడియోలో రాండీ గొంతు పలికింది. కోసేసిన బీట్ దుంపల చేలో ఒక విమానం ముక్కు నేలకానించి ఉంది, పక్కన ఒకడు చొక్కా విప్పి ఊపుతున్నాడు. దెబోరా గారు ఆ చోటు షెరీఫ్‌కి చెప్పారు.

నాలుగింటికి షెరీఫ్ కారులోంచి ఫోన్ వచ్చింది.

"ఆంటీ, హర్షని. దిగాను."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"మోకాలికి, అంతే. ఇంజన్ ఆగిపోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. మీరు అడక్కపోతే నా కోసం ఎవరూ వెతికేవాళ్ళు కాదు. ఆ పేపర్ చింపేయండి."

"నువ్వు వెళ్ళగానే అది పొయ్యి దగ్గర గిన్నె కింద పెట్టాను. ఇప్పుడెక్కడికి?"

"హోటల్‌కి. అంకుల్‌ని భోంచేయమనండి."

ఆ మాటకు ఆమోసు గారి కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి ఆఫీసరుని ఆయన చూడలేదు. మూడోసారి వేడిచేసిన పులుసు అన్నంలో కలిపి, ముద్ద ఎత్తారు.

"సరే బాబూ" అన్నారు దెబోరా గారు, "హోటల్‌కి చేరగానే ఫోన్ చెయ్యి."

ఆమోసు గారు ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశారు.