వెళ్ళింది, వస్తుంది

మా చెల్లికి పుట్టుకతోనే వినపడదు. డెబ్బైల నాటి చల్లపల్లిలో అలాంటి పిల్లకి చదువేమిటని అందరూ అన్నారు. నేను మాత్రం చీటీల మీద ‘తలుపు’, ‘బిందె’, ‘గేదె’ అని రాసి, వస్తువు చూపించి, చీటీ దాని చేతిలో పెట్టేదాన్ని. పేర్లు తొందరగానే పట్టుకుంది. కష్టమంతా కంటికి ఆనని మాటలతోనే. రోజూ బస్టాండుకి తీసుకెళ్ళి, బెజవాడ బస్సు కదిలిపోగానే ‘వెళ్ళింది’ అన్న చీటీ, దూరాన దుమ్ము లేస్తుంటే ‘వస్తుంది’ అన్న చీటీ చూపించేదాన్ని. ఆ రెండు మాటలకే నెల పట్టింది.

తొమ్మిదో ఏట దాన్ని బెజవాడలో వినపడని పిల్లల బడిలో, హాస్టల్లో చేర్చాం. నెలకో ఆదివారం అమ్మ వెళ్ళి చూసి, తలదువ్వి వచ్చేది. రెండేళ్ళకి అమ్మ కామెర్లతో పోయింది.

“చెల్లిని తీసుకొస్తాను నాన్నా,” అన్నాను.

మేనత్త అడ్డుపడింది. “దానికేం తెలుస్తదే? ఇంతమందిని చూసి బెదిరిపోద్ది. తర్వాత మెల్లగా చెబుదాంలే.”

నాన్న తల దించుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. సమాధి చేసి వచ్చాక, పెద్దవాళ్ళు అంటున్న మాటే కార్డు మీద రాసి పంపాను: ‘అమ్మ దేవుడి దగ్గరికి వెళ్ళింది.’

వారానికి జవాబొచ్చింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. ‘అమ్మ చర్చికి వెళ్ళింది. ఎప్పుడు వస్తుంది? ఆదివారం జడ వేయాలి.’

ఆ ఆదివారం నేనే వెళ్ళాను. గేటు దగ్గర నన్ను దాటి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. పలక మీద ‘చనిపోయింది’ అని రాశాను. దానికా మాట రాదు. నేనెప్పుడూ నేర్పలేదు. వరండాలో పడుకుని కళ్ళు మూసుకున్నాను, ఊపిరి బిగబట్టాను. కుదిపింది. కదల్లేదు. తర్వాత లేచి, ‘అమ్మ’ అని రాసి చూపించాను. అది నవ్వింది. నువ్వు లేచావుగా, అమ్మా లేస్తుంది అని చేతులతో చెప్పింది.

ఇక చేసేది లేక ఇంటికి తీసుకొచ్చాను. సమాధి సిలువ మీద రాసున్న అమ్మ పేరు ఒక్కో అక్షరం వేలితో తడుముతూ చదివింది. ఎప్పుడు అని సైగ చేసింది. పదిహేను రోజులని వేళ్ళతో చూపించాను. సంచిలోంచి నా కార్డు తీసి, నా ముఖాన కొట్టి, మట్టి మీద బోర్లా పడిపోయింది. దాని గొంతులోంచి అంత పెద్ద శబ్దం నేను వినడం అదే మొదటిసారి.

ఇన్నేళ్ళయినా నా ఉత్తరం అందితే ముందు పక్కింటావిడకి చూపించి, ఇందులో ఉన్నదంతా నిజమేనా అని అడుగుతుందట.